సంతకం చేసిన తేదీ

మా శాఖకు తొలిసారిగా యూనిఫారం ఎరగని మంత్రి వచ్చింది. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా పదవీ విరమణ చేసిన సేనానులే. వాళ్లు వస్తుంటే బూట్ల చప్పుడు ముందొచ్చేది, మనిషి తరవాత వచ్చేవాడు. ఈవిడ ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. వారం తిరక్కుండానే "లెక్కల మేడం" అని పేరు పడింది. మూడో నెలలో, రక్షణ శాఖలోని ఇరవై ఏడు సెక్షన్లను పదకొండుకు కుదిస్తూ కాగితం పంపింది. సైన్యం ఇకమీద జనం ఎన్నుకున్నవాళ్ల మాట ప్రకారం నడవాలన్నది అందులోని సారాంశం. మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. రద్దయ్యేవాటిలో నాలుగోది నా సెక్షన్.

నాది ఆచూకీ సెక్షన్. పంతొమ్మిదేళ్ల కిందట సరిహద్దు యుద్ధానికి వెళ్లి వెనక్కి రాని నలభై ఒక్క మంది ఫైళ్లు మా బీరువాలో ఉంటాయి. బదిలీ చేయించుకుని ఇందులోంచి బయటపడడానికి అందరూ కాళ్లావేళ్లా పడతారు. నేను మాత్రం పద్నాలుగేళ్ల కిందట అడిగి మరీ వచ్చాను. ఇరవై మూడో నంబరు ఫైలు మా అన్నయ్యది. ఆ సంగతి ఆఫీసులో నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఫైలును బతికించి ఉంచడం కూడా ఒక విద్యే. ఏడాదికోసారి "మరికొంత సమాచారం అవసరం" అని రాసి సైనిక కార్యాలయానికి పంపాలి. వాళ్లు "సమాచారం లేదు" అని తిప్పి పంపుతారు. "మా మనిషి బతికే ఉన్నాడని నమ్ముతున్నాము" అన్న కాగితం మీద ఇంటివాళ్ల సంతకం తీసుకుని దానికి జోడించాలి. అంతటితో మరో ఏడాది గడిచిపోతుంది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. సేనానులకు కావలసిందీ అదే. పోయారని రాస్తే పోయినవాళ్ల సంఖ్య పెరుగుతుంది, అది పెరిగితే ఆ యుద్ధం గెలిచామని చెప్పుకోవడం కష్టం. వాళ్ల కారణం వాళ్లది. నాకు వదిన ఉంది.

వదిన మా పైవాటాలో ఉంటుంది. మందుల దుకాణంలో పని చేస్తుంది. పెళ్లయిన ఎనిమిది నెలలకే అన్నయ్య వెళ్లిపోయాడు. ఏటా ఆ కాగితం పట్టుకుని నేను మెట్లెక్కుతాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టి, "టీ తాగుతావా?" అంటుంది. తాగి దిగి వస్తాను. అన్నయ్య గురించి మా మధ్య అంతకుమించి మాట జరగలేదు. ఆ నమ్మకం మీదే ఆవిడ నిలబడి ఉందనుకున్నాను. అది లాగేస్తే కూలిపోతుందని నా భయం.

ఒక రోజు పొద్దున్నే మేడం తనంతట తానే మా గదిలోకి వచ్చింది. అటెండరు కుర్చీ తుడిచేలోపే కూర్చుంది.

"ఈ సెక్షన్లో ఏం పని చేస్తారండీ?"

"ఎదురుచూస్తామండి," అన్నాను. వెటకారం కాదు, అంతకంటే సరైన మాట తట్టలేదు.

ఆవిడ నవ్వలేదు. బీరువా తెరిపించింది. మధ్యాహ్నం దాకా కూర్చుని ఒక్కొక్క ఫైలూ తిరగేసింది.

"అన్నిట్లో ప్రశ్న ఒకటే, జవాబూ ఒకటే. ఇది విచారణ కాదండీ, నానబెట్టడం."

"అవునండి."

"వీళ్లెవరైనా బతికుంటారని ఈ భవనంలో నమ్మేవాళ్లున్నారా?"

"నాకెవరూ కనబడలేదండి."

ఆ మాట మా అన్నయ్యకీ వర్తిస్తుందని కాసేపటికి గాని గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాకా ఏమీ అనిపించలేదు.

"ఇకనుంచి సైనికుడికి రెండే గడులు. ఉన్నాడు, లేడు. ఆచూకీ తెలియదన్న మూడోది తీసేస్తున్నాం," అంది మేడం. "నెలాఖరులోగా ఒక్కొక్కరికీ ఉత్తర్వు రాయండి. ఇన్నాళ్లూ చెప్పనందుకు ఇంటివాళ్లకి క్షమాపణ ఉత్తరం నేను రాస్తాను."

కొత్త ఫారాలు వచ్చాయి. అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: "మరణించిన తేదీ తెలియనిచో, ఉత్తర్వుపై సంతకం చేసిన తేదీనే మరణ తేదీగా పరిగణించవలెను." అంటే నేను ఏ రోజు సంతకం పెడితే ఆ రోజు పోతారన్నమాట.

రోజుకు ఎనిమిది చొప్పున ఐదు రోజుల్లో నలభై పూర్తి చేశాను. వేళ్లు నొప్పి పుట్టాయి, అంతే. మూడో రోజు టైపిస్టమ్మ ముక్కు చీదుతూ కూర్చుంది. జలుబా అని అడిగాను.

"మీకసలు గుండె ఉందా సార్?" అంది.

ఉందనే చెప్పాను. ఇరవై మూడో నంబరు మాత్రం నా సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాను.

లెక్కలు చెప్పినావిడకు ఒకటి తగ్గించి ఇవ్వడమంత తెలివితక్కువ పని ఇంకొకటి లేదు. నెలాఖరున పిలిపించింది.

"నలభయ్యే వచ్చాయి. ఇరవై మూడు ఏమైంది?"

"నా సొరుగులో ఉందండి," అన్నాను. ఆవిడ ఊరుకోలేదు.

"ఎవరిదండీ అది?"

"మా అన్నయ్యదండి."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఫారంలో ఆ గడి లేదండి."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"సొంతవాళ్ల ఫైలు మీరు చూడకూడదు. దాని మీద సంతకం నేను పెడతాను," అంది నెమ్మదిగా. "ఏ తేదీ వెయ్యమంటారో ఇంట్లో అడిగి రండి."

ఆ సాయంత్రం ఉత్త చేతులతో మెట్లెక్కాను. వదిన బెండకాయలు తరుగుతోంది. నన్ను చూసి కత్తిపీట పక్కకు జరిపి, చెయ్యి తుడుచుకుంది.

"అప్పుడే ఏడాదైందా?"

"సంతకానికి కాదు వదినా."

చెప్పాను. సెక్షన్ తీసేస్తున్నారనీ, మూడో గడి ఉండదనీ, అన్నయ్య లేడని రాయబోతున్నారనీ చెప్పాను. పడిపోతే పట్టుకుందామని దగ్గరగా నిలబడ్డాను. వదిన పడలేదు.

"అయితే ఇక ఆ కాగితం తీసుకురావా?"

"తీసుకురాను."

"హమ్మయ్య," అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడకు అర్థమైంది.

"నేను నమ్మడం మానేసి పదేళ్లు దాటింది. ఏటా నువ్వు ముఖం వేలాడేసుకుని వచ్చి నిలబడేవాడివి. నీకున్నది ఒక్క అన్నయ్య. కాదంటే ఏమైపోతావోనని పెట్టేదాన్ని."

"నేను నీ కోసం తెచ్చేవాణ్ని వదినా."

"తెలివైన వంశమే మీది. నేనూ వచ్చి కలిశాను," అంది. ఇద్దరం నవ్వలేదు.

ఏ తేదీ వెయ్యమంటావని అడిగాను. ఎల్లుండి దుకాణానికి సరుకు వస్తుందట, ఊపిరి సలపదట.

"రేపే వెయ్యమను," అని మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది. రెండు కాయలు తరిగాక, "అయితే ఇవాళ ఇంకా ఉన్నట్టే లెక్క," అంది.

మర్నాడు మేడం సంతకం పెట్టింది. ఉత్తర్వు ప్రతి నేనే ఇంటికి తీసుకొచ్చాను. వదిన గుమ్మంలో నిలబడే చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"వయసు నలభై అయిదా?"

"పుట్టిన తేదీ నుంచి ఇవాళ్టికి లెక్కకట్టారు. ఫారం అలాగే అడుగుతుంది. కావాలంటే మార్పిస్తాను."

"వద్దు, వద్దు. ఉండనీ." కాగితం వెనక్కి ఇవ్వలేదు. "నాకు నలభై మూడొచ్చాయి. మీ అన్నయ్య ఇరవై ఆరు దగ్గరే ఆగిపోయాడు. ఈ మధ్య కల్లోకొస్తే చిన్నపిల్లాడిలా ఉంటున్నాడు, కట్టుకున్నవాడిలా ఉండట్లేదు. నాకు సిగ్గేసేది, ఎవరితో చెప్పుకోను?" మళ్లీ ఆ అంకె చూసుకుంది. "నలభై అయిదంటే నాకంటే పెద్దే. జుట్టు నెరిసుండేది కదూ? పొట్టొచ్చుండేదా?"

"మా నాన్నకి నలభైకే వచ్చింది."

వదిన నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. పంతొమ్మిదేళ్లలో నా ఎదురుగా ఏడవడం అదే మొదలు. నాకు మాత్రం కళ్లు తడి కాలేదు. మెట్లు దిగి, అన్నం తిని పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

పొద్దున్న ఆఫీసుకు వెళ్లడానికి చొక్కా వేసుకున్నాను. బొత్తాలు పెట్టుకుని, కూర్చుని, సెలవు చీటీ రాశాను. "మా అన్నయ్య చనిపోయినందున మూడు రోజులు సెలవు ఇప్పించగలరు." ఎప్పుడు అన్నది రాయలేదని చూసుకుని, "మా అన్నయ్య" తరవాత పైన ఇరికించి "నిన్న" అని రాశాను. కింద పెట్టిన సంతకం నాదేనని నాకే పోల్చుకోవడానికి రాలేదు.