పద్నాలుగు రాసిన పిల్ల

ఆ పిల్లకు గుసగుస అని పేరు పెట్టింది వాళ్ళ నాన్నే. మాట గొంతులోంచి బయలుదేరి పెదాల దాకా వచ్చేసరికి ఎదుటివాడికి కునుకు పడుతుందని ఆయన వేళాకోళం. అలాంటి పిల్లకు పోయి పోయి ధరలు అడిగే ఉద్యోగం వచ్చిందని వీధి వీధంతా నవ్వుకుంది.

నెలకోసారి మిల్లు గేటు ఎదురుగా ఉన్న మూడు కొట్లకూ వెళ్ళాలి. టీ, కాఫీ, సోడా, పళ్ళరసం ఎంతకు అమ్ముతున్నారో ఫారంలో రాసి ఆఫీసులో ఇవ్వాలి. బియ్యం, నూనె వేరేవాళ్ళు చూసుకుంటారు. తాగేవన్నీ గుసగుసవి. అందరి అంకెలూ కలిపి, ధరలు పెరిగినదాన్నిబట్టి మిల్లువాళ్ళకు కరువు భత్యం పెంచుతారు. నాన్న ఆ మిల్లులోనే నూలు బండ్లు తోస్తాడు.

కొట్టుకు వెళ్ళగానే గుర్తింపు కార్డు చూపించి, ఫలానా పనిమీద వచ్చానని చెప్పాలన్నది మొదటి నియమం. చెప్పడానికి ఆమెకు నోరు పెగిలితేగా! అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. టీయో సోడాయో తాగి, నోటు ఇచ్చి, తిరిగొచ్చిన చిల్లరనుబట్టి ధర రాసుకునేది. కార్డు సంచి దాటి బయటికి రాలేదు. ఎనిమిది నెలలు టీ పదే.

ఒకరోజు నాన్న అన్నం తింటూ అన్నాడు. "ఈసారీ భత్యం పెరగలేదు. బియ్యం కాస్త పెరిగిందట, కూరలు తగ్గాయట. తాగేవాటిలో మార్పే లేదట. నువ్వేగా అమ్మడూ రాసేది?"

"టీ పదేగా నాన్నా."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "పదా? ఏ లోకంలో ఉన్నావే? పద్నాలుగు పెట్టి తాగలేక నేను టీ మానేసి మూడు నెలలైంది!"

మర్నాడు గుసగుస మొదటి కొట్టు దగ్గర పక్కగా నిలబడి చూసింది. ముందున్న ఇద్దరూ పద్నాలుగేసి ఇచ్చారు. ఆమె వంతు వచ్చేసరికి టీ బాబాయ్ పదే తీసుకున్నాడు.

"బాబాయ్, నా దగ్గర పదేనా?"

"అబ్బో, మాట్లాడిందిరోయ్!" అని నవ్వాడాయన. "ఇంట్లో తొలి సంపాదన నీది. నీ దగ్గర పెరిగిన ధర తీసుకోవడానికి నాకేం మాయరోగం? మిగతా రెండు కొట్లవాళ్ళకీ నేనే చెప్పాను, మన పిల్ల దగ్గర పాత ధరే తీసుకోండర్రా అని."

"మరి నేను కాగితం మీద రాసుకుంటుంటే..."

"ఖర్చు రాసుకుంటున్నావనుకున్నా. పొదుపరి పిల్ల అని మా ఆవిడతో కూడా చెప్పానే!"

గుసగుస మిగతా రెండు కొట్లలోనూ అసలు ధర అడిగి, ఫారంలో టీకి పద్నాలుగు వేసి, అట్నుంచి అటే ఆఫీసుకు వెళ్ళింది. సూపర్‌వైజర్ ఫారం చూసి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"ఎనిమిది నెలలు పది. తొమ్మిదో నెల పద్నాలుగు. ఇన్నాళ్ళూ గాడిదల్ని కాస్తున్నావా అని పైవాళ్ళు నన్నడగరూ?"

ఆమె జరిగింది చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"చూడమ్మాయ్," అన్నాడాయన మెత్తగా. "ఈ నెల పదకొండని రాయి. వచ్చే నెల పన్నెండు. నాలుగు నెలల్లో నీ పద్నాలుగు నీకు వస్తుంది. పాము చావదు, కర్ర విరగదు. నిన్ను పర్మినెంటు చేసే కాగితం నా సొరుగులోనే ఉంది."

"టీ పద్నాలుగండీ."

"ఏమన్నావ్?"

"పద్నాలుగు." ఈసారి పక్క బల్లవాళ్ళు కూడా తలెత్తి చూశారు.

"నోరొచ్చేందుకు ఈ రోజే దొరికిందా నీకు?" అన్నాడాయన.

ఆమె మూడు కొట్ల ధరలూ ఉన్నవి ఉన్నట్టు రాసి, కింద తన తప్పు కూడా రాసి, సంతకం పెట్టింది.

వారంలో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది ఆమెకు: రేపటినుంచి పనికి రానక్కర్లేదు. రెండోది మిల్లు గేటుకు అంటించారు. మూడు కొట్ల అంకెలూ అనుమానంగా ఉన్నాయి కనుక కొత్తవి కొట్టేశారు. నమ్మకమైనవి దొరికేదాకా పాత ధరలే లెక్క. అంటే టీ పది. భత్యం పెంపు లేదు.

సాయంత్రం నాన్న వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు. గేటు దగ్గర ఎవరెవరు ఏమేమన్నారో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. మంచినీళ్ళు ఇస్తే సగం తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నిజమే రాశావు. కాదనను," అన్నాడు. మళ్ళీ ఆయనే, గోడతో చెబుతున్నట్టు, "పదకొండు అని రాసినా ఎంతో కొంత వచ్చేది గదే," అన్నాడు.