కొత్త చైను, అరిగిన పళ్లు

ఆ ఆదివారం అంట్లతో పాటు ఒక ఫ్రీవీలు కూడా నా ముందుకొచ్చింది. కొత్త చైను ఎక్కించడానికని సుజాత పాత గేర్ల సైకిల్ వెనక చక్రం నుంచి ఆ పళ్ల చక్రాన్ని విప్పి, మా ఆయన ప్రకాశ్ "ఏయ్, గిది జర కడుగు" అని నా పక్కన పడేసి పోయాడు. సుజాత ఆయన పనిచేసే బడిలోనే టీచరు. సెలవు రోజుల్లో ఇద్దరూ ఇంకో నలుగురితో కలిసి మానుకోట నుంచి కొత్తగూడ అడవి దాకా సైకిళ్ల మీద పోయి వస్తారు. వాళ్లు వచ్చేసరికి నేను ఉప్మా చేసి పెట్టాలి, ఆయన చెమట బట్టలు నానబెట్టాలి.

డీజిల్‌లో ముంచి పాత బ్రష్షుతో రుద్దుతుంటే కనబడింది. పళ్లన్నీ అరిగి, సూదుల్లా అయి, ఒక పక్కకు వంగాయి. "కొత్త చైను దీని మీద నిలుస్తదా? గిది గూడ మార్చాలె గదా" అన్నాను. "గిన్నెలు తోముడు గాదు గిది. నీకెందుకు?" అన్నాడు. సరే, నాకెందుకు! ఆ పాత పళ్ల మీదే కొత్త చైను ఎక్కించాడు.

సాయంత్రం సుజాత వచ్చింది. "చూడండి మేడం, తొక్కంగ తొక్కంగ చైను సాగుతది, అందుకే మార్చిన" అని ఆయన ఎంత ఓపికగా చెబుతున్నాడో! పదకొండేళ్లలో నాకు ఒక్క విషయం అట్లా నిలబడి చెప్పిన పాపాన పోలేదు. చాయ్ గ్లాసు పట్టుకున్న నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె బూట్లు, పైకి మడిచిన చేతులు, ఎవరినీ అడగకుండా "ఒక రౌండేసొస్త" అనేయడం, ఏదీ ఓర్చుకోలేకపోయాను. పళ్లు అరిగాయని చెప్పాలి. మాట నోటి దాకా వచ్చింది. "చాయ్ మంచిగుందక్కా" అంది సుజాత. "తాగు" అని ఊరుకున్నాను.

రౌండేసి వస్తానని పోయిన సుజాత పావుగంటకు సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. బ్రిడ్జి ఎత్తులో లేచి నిలబడి తొక్కుతుంటే చైను పళ్ల మీంచి జారి, పెడలు మీది కాలు ఒక్కసారిగా కిందికి పోయి, తను రోడ్డు మీద పడిందట. మోకాలి నిండా రక్తం. "ఎన్క లారీ ఉండె అక్కా. డ్రైవరు బ్రేకేసిండు గావట్టి..." అని నవ్వబోయి ఆగిపోయింది. ఆమెను కూర్చోబెట్టి దెబ్బ కడగడం మొదలుపెట్టాను.

"కడుగుడు గూడ రాదు నీకు! పళ్లకు జిడ్డు ఉంచినవ్, గందుకే జారింది" అని ఆయన నా మీదికి లేచాడు.

"జిడ్డు గాదు. పళ్లు అరిగినయి. పొద్దుగాలనే ఆయనకు చెప్పిన" అన్నాను సుజాత ముఖంలోకి చూస్తూ. "నీకు చెప్పకపోవుడు మాత్రం నా తప్పే. ఓర్వలేకనే చెప్పలే."

మా ఆయన ముఖంలో చిన్న నవ్వు కనిపించింది. తన కోసమే నేను కుళ్లుకున్నానని అనుకున్నట్టున్నాడు, చెయ్యి మీసం మీదికి కూడా పోయింది.

"నీ గురించి గాదు" అన్నాను. "పదకొండేండ్ల సంది ఈ ఊర్లె ఉంటున్న. ఆమె కిందవడ్డ బ్రిడ్జి దాక నేనొక్కదాన్ని ఎన్నడు పోలే."