నూనె గీసిన దారి

ఛాయాదేవి పొద్దున్నే అయిదున్నరకి లేచి, వరండాలో లైటు వేసి, కోడలి మోటార్‌సైకిల్ కింద నేలని చదివేది. పేపరు వచ్చేది ఆరున్నరకి. ఈలోపు ఇది చదవడం అయిపోయేది.

ఆ బండి ఇంజను పక్క మూత దగ్గర రాత్రంతా నూనె కారేది. కారిన నూనె మడుగు కట్టకుండా సన్నటి గీతలా పాకి, ముందురోజు బండి తిరిగిన దారిని నేలమీద గీసేది. కంకిపాడులో ఇంటి దగ్గర మొదలై, బందరు రోడ్డు మీదుగా బెంజ్ సర్కిల్, అక్కణ్ణించి వన్ టౌన్‌లో కోడలు ఉషశ్రీ పనిచేసే మందుల గోడౌను, మళ్ళీ అదే దారిన ఇల్లు. మధ్యలో కూరగాయలకి ఆగితే అక్కడొక చుక్క. గీత బయల్దేరిన చోట లావుగా ఉండి పోనుపోను సన్నబడేది కాబట్టి ఎటునుంచి ఎటు వెళ్ళిందో కూడా తెలిసిపోయేది.

వీధిలో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. "మావారి బండీ కారుతుంది, ఏం లాభం? ఒక్క ముక్క చెప్పదు. మీది నయం వదినగారూ" అని పక్కింటి కనకలక్ష్మి అసూయపడేది. ఆటోనగర్ మెకానిక్ అయితే, "కొన్ని బళ్ళకి ఉంటుందండి, మూత కింది గాస్కెట్ మారిస్తే పోద్ది" అన్నాడు. అసలు రెండొందల సీసీ బండి అంత చౌకగా దొరకడానికి కారణమే అది. గన్నవరంలో ఇంజనీరింగ్ చదివే ఒకడు, తండ్రి నేల చూసి తన తిరుగుళ్ళన్నీ కనిపెట్టేస్తున్నాడని దాన్ని సగం ధరకే వదిలించుకున్నాడు.

ఛాయాదేవికి అనుమానం పుట్టుకతో రాలేదు. పద్నాలుగేళ్ళ కిందట భర్త వెంకటకృష్ణారావు "ఉయ్యూరు దాకా వెళ్ళొస్తా" అని స్కూటరు తీశాడు. అది చల్లపల్లి దగ్గర మలుపులో తిరక్కుండా నేరుగా కాలవలోకి పోయింది. బ్రేకు పడలేదన్నారు. ఉయ్యూరు వెళ్ళాల్సిన మనిషి చల్లపల్లి ఎందుకు వెళ్ళాడో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. మనిషి పోయినందుకు ఏడవడం ఏడాదిలో అయింది. ఎందుకు వెళ్ళాడా అని ఆలోచించడం ఇంకా అవలేదు.

అందుకని ఆవిడ రోజూ నేలమీది గీతని తన ముగ్గుల పుస్తకంలోకి ఎక్కించి, ఆ తర్వాతే సబ్బునీళ్ళతో కడిగేది. చిలకల ముగ్గుకీ తామరపూల ముగ్గుకీ మధ్య కోడలి రాకపోకలన్నీ పెన్సిలుతో ఉండేవి.

ఏప్రిల్లో ఒక ఆదివారం పొద్దున బండి కింద అట్టముక్క పరిచి ఉంది. ఇన్నాళ్ళూ లేని అట్ట ఇవాళ ఎందుకొచ్చింది? ఛాయాదేవి దాన్ని రెండువేళ్ళతో ఎత్తి చూసింది. నూనె అట్టలోంచి దిగి, ఎప్పటిలాగే నేలమీద తన పని తాను చేసుకుంది. గీత వన్ టౌన్ నుంచి వచ్చి ఇంటి ముందు ఆగకుండా ఉయ్యూరు దాటి, అక్కడ సొరకాయ ఆకారంలో చుట్టూ తిరిగింది. ఒకటి కాదు, పదకొండు చుట్లు. ఆ తర్వాతే ఇంటికొచ్చింది.

ఆవిడ గీత ఎక్కించుకుని, నేల కడిగి, అట్టని ఉన్నచోటే ఉన్నట్టు పరిచింది.

కాఫీ తాగేటప్పుడు మామూలుగా అడిగినట్టు అడిగింది. "నిన్న పొద్దుపోయిందేం ఉషా?"

"గోడౌన్లో స్టాకు చూశారు అత్తయ్యా. లేటయింది."

చూపు కాఫీలోంచి పైకి రాలేదు. కొడుకు పవన్‌కుమార్‌ని అడుగుదామా అంటే వాడు వారమంతా కైకలూరు చెరువుల మీద చేపల మేత అమ్ముకుంటూ తిరుగుతాడు, ఆదివారం ఒక్కపూట ఇంట్లో ఉంటాడు. అడిగితే, "ఉష బండి, ఉష పెట్రోలు. నీకెందుకమ్మా" అని నవ్వాడు. మొగుడు నవ్వుతున్నాడంటే అయితే ఏమీ లేదు, లేకపోతే ఇద్దరూ కలిసి దాస్తున్నారు. ఛాయాదేవి రెండోదే ఖాయం చేసుకుంది.

కనకలక్ష్మి పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసింది. "పదకొండు చుట్లంటే ప్రదక్షిణలే వదినగారూ. పిల్లల కోసం ఏ దేవుడికో మొక్కుకుని ఉంటుంది, పాపం."

ఛాయాదేవి మనసు ఒక్క క్షణం చల్లబడింది. వెంటనే గీత లావూ సన్నమూ చూసింది. చుట్లన్నీ ఎడమచేతి వైపుకి తిరిగాయి. దేవుడి చుట్టూ అటు ఎవరూ తిరగరు. "ఇది గుడి కాదు" అంది పుస్తకం మూసి.

మూడు శనివారాలు అదే సొరకాయ. పదకొండు కాస్తా ఇరవయ్యయింది. నాలుగోవారం సామాన్ల గదిలో పాత కూలర్ తెరిస్తే అందులో నల్లటి తోలుకోటు ఉంది. మోచేతుల దగ్గర గీసుకుపోయి, మగవాళ్ళ చెమట వాసన వేస్తోంది. పవన్‌కుమార్ భుజాలకి అది పట్టదు. ఆవిడ కోటుని అదే మడతమీద పెట్టేసి, ఆ శనివారం మధ్యాహ్నం ముగ్గుల పుస్తకం సంచిలో వేసుకుని ఆటో ఎక్కింది.

ఉయ్యూరు దాటాక గీత ఎడమకి తిరిగిన చోట ఆటో కూడా తిరిగింది. మూతపడిన రైస్‌మిల్లు. దాని వెనక, ఒకప్పుడు ఉడకబెట్టిన ధాన్యం ఆరబోసిన సిమెంటు కళ్ళం, రెండెకరాలు ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ శౌరయ్య కుర్చీలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"ఇక్కడికి ఒక అమ్మాయి వస్తుందా?"

"బండి అమ్మాయేనాండి? శనారం శనారం వస్తదండి. ఖాళీ డబ్బాలు పెట్టుకుని వాటి చుట్టూ తిరుగుద్ది. వచ్చేనెల మద్రాసు దగ్గరేదో బళ్ళ పందేల ట్రాకంట, ఒక్కరోజు అందులో తోలనిస్తారంట. అందుకని నేర్చుకుంటంది." శౌరయ్య గొంతు తగ్గించాడు. "ఇంట్లో అత్తగారికి తెలీకూడదంటండి. మావఁగారు బండి మీదే పోయారంట. మలుపు అంటేనే ఆవిడ భయపడుద్దంట. మీరెవరండి?"

"ఎవర్నీ కాదు" అంది ఛాయాదేవి.

గోడ పక్కన నిలబడి చూసింది. రంగుడబ్బాల చుట్టూ బండి పక్కకి ఒరిగి ఒరిగి తిరుగుతోంది. ఒరిగినప్పుడల్లా ఆవిడ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరిదో పాత కోటు, ఉషకి ఒక సైజు పెద్దది. చివరికి బండి ఆపి ఉషశ్రీ హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమటకి అతుక్కుపోయింది. ఆ మొహంలో అంత సంతోషం ఇంట్లో ఎన్నడూ చూడలేదని ఛాయాదేవికి తెలిసింది. తెలిసి బాధపడింది.

ఇంటికొచ్చి ఏమీ అనలేదు. వద్దు అనాలంటే వెంటపడి వెళ్ళానని ముందు ఒప్పుకోవాలి. దొంగని పట్టుకోవడానికి వెళ్ళి తనే దొంగయినట్టుంది ఆవిడ పని.

మే రెండోవారంలో ఉషశ్రీ వరండాలో పాత దుప్పటి పరిచి స్పానర్లు ముందేసుకుంది. మెకానిక్‌కి ఇచ్చే డబ్బుతో ట్రాకు దగ్గర ఒకపూట గడుస్తుందని అన్నీ తనే నేర్చుకుంది. బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేసి, పాతవి ఇంకా పనికొస్తాయని డబ్బాలో దాచింది. ఇంజను మూత విప్పి, ఆటోనగర్ నుంచి తెచ్చిన కొత్త గాస్కెట్ బిగించింది.

"ఇప్పుడదెందుకు?" అంది ఛాయాదేవి గుమ్మంలోంచి.

"నూనె కారకూడదు కదా అత్తయ్యా."

ఇన్నాళ్ళూ కారొచ్చు, ఇప్పుడు కారకూడదా? నూనె కారే బండిని ట్రాకు మీదకి రానివ్వరని ఆవిడకి తెలీదు. ఆవిడకి తెలిసిందల్లా బండి నోరు నొక్కేశారని. మర్నాడు నేల శుభ్రంగా ఉంది. ఆ మర్నాడూ అంతే. చదవడానికి ఏమీ లేక, పొద్దున్నే ఆ ఖాళీ నేల ముందు బకెట్ పట్టుకుని నిలబడేది.

గురువారం రాత్రి కొడుకూ కోడలూ ఫోన్లో మాట్లాడుకుంటుంటే విన్నది. శనివారం పొద్దున ఆరింటికి బందరు నుంచి చేపల వ్యాను వస్తుంది. డ్రైవరు బంగార్రాజు పవన్‌కుమార్‌కి తెలిసినవాడు, చేపల పెట్టెల పక్కన బండి కట్టి మద్రాసు చేరుస్తాడు. ఉష పక్కసీట్లో కూర్చుంటుంది. డీజిల్లో కాస్త ఇస్తే చాలు.

శుక్రవారం ఉషశ్రీ బస్సులో ఆఫీసుకి వెళ్ళింది. ఛాయాదేవి తలంటుకుని, బండి మీద కప్పిన దుప్పటి తీసింది. పూజ లేకుండా ఇంట్లోంచి ఏ బండీ దూరం వెళ్ళకూడదు. అలాగని పూజ చేసినట్టు తెలియనూ కూడదు. అందుకని లైటు మీద, ట్యాంకు మీద బొట్టు పెట్టలేదు. ముందుచక్రంలో గుండ్రంగా, పూజపళ్ళెంలా మెరిసే ఇనుపబిళ్ళ ఉంది. అది నచ్చింది. దూరప్రయాణంలో రాలిపోకుండా పసుపుని నువ్వులనూనెలో కలిపి, గడపకి రాసినట్టు ఆ బిళ్ళ చుట్టూ వేలితో పల్చగా రాసింది. చక్రం ఎత్తి తిప్పే బలం లేక, సందుల్లోకి వేలు దూర్చి మరీ రాసింది. "చల్లగా వెళ్ళి చల్లగా తీసుకురా తల్లీ" అని బండికి దణ్ణం పెట్టి, దుప్పటి మళ్ళీ కప్పేసింది.

శనివారం అయిదున్నరకి లైటు వేసింది.

ముందుచక్రం కింద గీత ఉంది. ఇంజను కింద కాదు, ముందుచక్రం కింద. నల్లగా లేదు, పసుపుపచ్చగా ఉంది. బండి నిన్నంతా ఇంట్లోనే ఉంటే ఇది ఏ దారి? ఛాయాదేవి కళ్ళజోడు పెట్టుకుని వంగింది. సొరకాయ కాదు, అంతకంటే పెద్దది, చాలా వంపులున్నది. ఒక వంపు, రెండు, మూడు. నాలుగో వంపు దగ్గర గీత తిరగలేదు. నేరుగా పోయింది. పోయి జానెడు దూరంలో ఆగిపోయింది.

మూడేళ్ళ గీతలు ఆ పుస్తకంలో ఉన్నాయి. ఎంత దూరం పోయినా ప్రతి గీతా తిరిగి ఇంటికొచ్చింది. ఇది రాలేదు.

ఆవిడ వేలితో ముట్టుకుని వాసన చూసింది. నువ్వులనూనె.

వీధిలో వ్యాను హారన్ మోగింది. ఉషశ్రీ భుజాన బ్యాగుతో బయటికొచ్చి, అత్తగారు నేలమీద చతికిలబడి ఉండటం చూసింది. "గుడివాడలో మా ఫ్రెండ్ పెళ్ళి అత్తయ్యా, బండి వ్యాన్లో..."

"మద్రాసు" అంది ఛాయాదేవి. "నేను కళ్ళం దగ్గరికి వచ్చాను ఉషా. గోడ పక్కన నిలబడి చూశాను. కోటు కూడా చూశాను."

ఉషశ్రీ బ్యాగు దించింది. మొహం గట్టిపడింది. "నా వెనకాల వచ్చారా? నామీద ఏమని అనుమానపడ్డారు?"

"అన్నీ పడ్డాను. తర్వాత తిట్టు, పడతాను. ముందు ఇది చూడు. నిన్న ఆ బిళ్ళకి పసుపు రాశాను."

"డిస్కుకా? దేంతో?"

"నూనెతో. రాలకుండా ఉంటుందని."

ఉషశ్రీ చప్పున కూర్చుని చక్రంలోకి చూసింది. డిస్కు అంతా జిడ్డు. ప్యాడ్ల మధ్యకి కూడా దిగింది. బండి ఇక్కణ్ణించి వ్యానెక్కితే మళ్ళీ దిగేది ట్రాకు దగ్గరే. అక్కడ వేగంగా వెళ్ళి మొదటిసారి గట్టిగా పట్టినప్పుడు ఆ బ్రేకు పట్టేది కాదు. ఆమె నేలమీది గీతని నాలుగో వంపు దాకా చూసింది.

"మీ మామగారి స్కూటరు కూడా ఇలాగే నేరుగా పోయింది" అంది ఛాయాదేవి. ఏడుపు ఆపుకోలేదు.

"అమ్మగారూ, ఐసు కరిగిపోద్దండీ" అని బంగార్రాజు గేటు దగ్గర నుంచి కేకేశాడు.

"కరగనీ బాబూ" అంది ఛాయాదేవి.

ఉషశ్రీ చేతులు పైకి మడుచుకుంది. "సబ్బూ పీచూ తెండి అత్తయ్యా. నా బ్యాగులో స్పిరిట్ సీసా ఉంది, అదీ."

ప్యాడ్లు ఊడదీసి అవతల పారేసి, డబ్బాలో దాచిన పాతవి వేసింది. ఛాయాదేవి గిన్నెలు తోమినట్టు డిస్కుని మూడుసార్లు తోమింది, ఉషశ్రీ స్పిరిట్‌తో తుడిచింది. పసుపునీళ్ళు వరండా అంతా పారి నేలమీది గీతని తీసుకుపోయాయి. ఇక చదవడానికి ఏమీ మిగల్లేదు. బండి వ్యానెక్కేసరికి ఏడుంబావయింది.

ఆ రెండు రోజులూ ఛాయాదేవి అన్నం సరిగ్గా తినలేదు. ఆదివారం ఇంటికొచ్చిన పవన్‌కుమార్ భార్యకి ఫోన్ చేసి చేసి, "ట్రాకు మీద ఫోన్ ఎత్తరమ్మా" అని సర్దిచెప్పాడు. ఆవిడ వాణ్ణీ నమ్మలేదు.

సోమవారం తెల్లవారి వ్యాను వచ్చి ఆగింది. బండి చేపల వాసనతో, ఉషశ్రీ ఎండకి కమిలిన మొహంతో దిగారు.

"నాలుగో మలుపు?" అంది ఛాయాదేవి గేటు దగ్గరే.

"గట్టిగా పట్టాను అత్తయ్యా. పట్టింది."

మంగళవారం అయిదున్నరకి ఛాయాదేవి లైటు వేసి చూసింది. నేల శుభ్రంగా ఉంది. ఇంజను కింద లేదు, చక్రం కింద లేదు. ఆ రోజు నుంచి ఆ బండి ఏమీ చెప్పలేదు.

ఆవిడ ముగ్గుల పుస్తకంలో కొత్త పేజీ తెరిచి, పెన్సిలుతో సహా కాఫీగ్లాసు పక్కన పెట్టింది. "మద్రాసుది గీసిపెట్టు."

ఉషశ్రీ అత్తగారి వంక చూసి, పెన్సిలు తీసుకుంది. వంపులన్నీ గీసింది, నాలుగోది బాగా గుండ్రంగా తిప్పింది. అక్కణ్ణించి గీతని ఒంగోలు మీదుగా తెచ్చి, కంకిపాడులో ఇంటి గేటు దాకా లాగి ఆపింది.

ఛాయాదేవి కళ్ళజోడు సర్దుకుని గీత మీద వేలు పెట్టి మొదటినుంచీ నడిపించింది. వేలు ఇంటికి చేరింది. ఊపిరి వదిలింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఒకచోట ఆగింది.

"ఒంగోలు దగ్గర ఈ వంకర ఏమిటి?"

"టీకి ఆగాం అత్తయ్యా."

"టీకి ఇంత లోపలికా?"

"టీ బాగుంటుందని బంగార్రాజు తీసుకెళ్ళాడు."

ఛాయాదేవి కాసేపు ఆలోచించి, ఆ వంకర మీద చిన్న చుక్క పెట్టించుకుని, పేజీ తిప్పింది.