నలభై తెల్ల గళ్లు

ఆమె మొగుడికో జబ్బుంది. ఏ పనైనా రెండోసారి చేయాలంటే ఒంటికి పడదు. గిన్నెలు తోమమన్నా, "నిన్నే కదా తోమాను" అంటాడు. అందుకే ఆమె చేత్తో కుట్టిన టేబుల్ క్లాత్‌లకి వెబ్‌సైటు చేసిపెడుతూ, ఫొటోలన్నిటికీ కలిపి ఒకే టెంప్లేటు రాశాడు. నలభై ఫొటోలూ ఒక ఫోల్డర్లో పడేసి ఒక్క కమాండు కొడితే, అన్నీ ఒకే కొలతకి తగ్గి ఎక్కడివక్కడ కూర్చుంటాయి.

"ఒక్కొక్కటీ చూసుకోవద్దా?" అందామె.

"ఒకటి చూస్తే నలభై చూసినట్టే. టెంప్లేటంటే అదే మరి."

ఆమె పాల్గొనాలనుకున్న చేతికుట్ల ప్రదర్శనకి ఎవరి పని తీసుకోవాలో ఆ మధ్యాహ్నమే తేలుస్తారు. సైటు చూసే తేలుస్తారు. ఆమె పొద్దున్నే లింకు పంపేసి బట్టలు ఉతుక్కుంటోంది.

పదకొండింటికి ప్రదర్శన నిర్వాహకురాలు ఫోన్ చేసింది.

"క్లాత్‌లు చాలా తెల్లగా ఉన్నాయండీ. కుట్టడం ఎప్పుడు మొదలుపెడతారు?"

ఆమె పది నిమిషాలు గడువడిగి, తడిచేతులతోనే సైటు తెరిచింది. వరసకి నాలుగు చొప్పున పది వరసలు, అన్నీ తెల్ల గళ్లే. కింద పేర్లు మాత్రం చక్కగా ఉన్నాయి: ద్రాక్షతీగ, అలల వరస, పిచ్చుకల జంట. రెండేళ్ల కుట్టు మాయం. ఆమె కుర్చీలో కూలబడింది.

"నెట్ స్లోగా ఉందేమో," అన్నాడాయన వెనకనుంచి.

"తెలుపు మాత్రం బాగానే వచ్చిందిగా," అందామె.

ఆయన టెంప్లేటు తెరిచాడు. చూస్తూ చూస్తూ ఒక లైను దగ్గర ఆగిపోయాడు. ప్రతి ఫొటోలోనూ మధ్యభాగం చతురస్రంగా ఉంచి, చుట్టూ కత్తిరించేయమని రాసి ఉంది. ఆమె కుట్టిందంతా అంచుల్లోనే.

"దేంతో పరీక్షించారు?"

"నా పాస్‌పోర్టు ఫొటోతో. బ్రహ్మాండంగా వచ్చింది."

"రాదూ మరి. మీ మొహం మధ్యలో ఉంది. వాటి మొహం అంచుల్లో ఉంది."

ఆయన కీబోర్డు ముందుకి లాక్కున్నాడు. కత్తిరించకుండా, ఉన్నదున్నట్టు కుదించమని ఒక్క లైను మార్చి కమాండు కొట్టాడు. నలభై అంచులూ ఒక్కసారిగా తిరిగొచ్చాయి. ఆమె నమ్మకుండా ఒక్కొక్కటే తెరిచి చూసింది. చివరిదాకా ఆయనా పక్కనే నిలబడి చూశాడు.

అప్పుడు నిర్వాహకురాలి నంబరు కలిపి ఫోను ఆయన చేతికిచ్చింది.

"నేనా?"

"ఒక్కసారే లెండి. రెండోసారి చెప్పక్కర్లేదు."

నిర్వాహకురాలు సైటు మళ్లీ తెరిచింది.

"ఇంతసేపూ ఎక్కడ దాచారండీ వీటిని? ద్రాక్షతీగ గుమ్మం దగ్గరే పెడతాం. అసలేమైంది?"

ఆయన భార్య వంక చూశాడు. ఆమె ఉతికే బట్టల బకెట్టు వంక చూస్తోంది.

"ఆవిడ చూసుకుందామంది. నేనే అక్కర్లేదన్నాను," అన్నాడు గొంతు సవరించుకుని. "తప్పు నాదేనండీ."