మూడు చుట్లా, రెండు చుట్లా

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. పోటీ ఉన్న రోజైతే ఇక చెప్పనక్కర్లేదు. స్టేడియం వెనక నడవాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉంటాను. నా సహాయకుడు హిబినో వేడి టీ డబ్బా కొని చేతిలో పెడతాడు. నేను దాన్ని ఏ కిటికీ గట్టు మీదో పెట్టి మరిచిపోతాను. అతను నిట్టూర్చి ఇంకొకటి కొంటాడు. ఒకప్పుడు నా దగ్గరే స్కేటింగ్ నేర్చుకున్నవాడు కాబట్టి నన్ను ఏమీ అనలేడు. అన్నా నేను పడను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నగోయాలో మా రింక్‌కి వచ్చే ఎవరిని అడిగినా చెబుతారు.

ఆ ఆదివారం మాత్రం నా తిరుగుడు చూసి కాపలా మనిషి కూడా కంగారుపడ్డాడు. నాగానోలో జాతీయ పోటీలకు అది చివరి రోజు. మార్చిలో జరిగే ప్రపంచ పోటీలకు జపాన్ నుంచి ముగ్గురమ్మాయిలు వెళ్తారు. రెండు చోట్లు ఎవరివో అక్టోబరు నుంచే అందరికీ తెలుసు. మిగిలిన ఆ ఒక్క చోటు మీదే అందరి కళ్లూ. దానికోసం పోటీపడుతున్న ఇద్దరూ నా దగ్గర నేర్చుకునే పిల్లలే, నన్ను సెన్సే అని పిలిచేవాళ్లే.

పెద్దది కొతోహా. ఎనిమిదేళ్లప్పుడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది, ఇప్పుడు ఇరవై రెండు. వరసగా మూడేళ్లు జాతీయ పోటీల్లో నాలుగోదిగా నిలిచింది. నాలుగో మనిషి బతుకు పగవాళ్లకి కూడా వద్దు. ముగ్గురిలో ఎవరికైనా కాలు మడతపడితే అప్పటికప్పుడు విమానం ఎక్కాలి కాబట్టి, మార్చి దాకా ఒక్క పూట సాధన మానకూడదు. జలుబు చేయకూడదు, లావెక్కకూడదు. తీరా ఎవరికీ ఏమీ కాదు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూడాలి. ఒక మార్చిలో నన్ను నవ్వుతూనే అడిగింది, ఎవరి కాలూ విరగకూడదని మొక్కుకోవాలా, విరగాలని మొక్కుకోవాలా అని. నేను తిట్టి పంపించాను గానీ ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. వచ్చే ఏప్రిల్లో ఉద్యోగంలో చేరుతోంది. అంటే ఇదే ఆఖరి ఏడాది.

చిన్నది నత్సుహో. పదిహేడేళ్లు, పెద్దవాళ్లలో ఆడటం ఇదే మొదలు. నోరు ఊరుకోదు. తింటూ మాట్లాడుతుంది, బూట్లు బిగించుకుంటూ మాట్లాడుతుంది, ఐసు మీద పడి లేస్తూ కూడా ఏదో ఒకటి అంటుంది. కొతోహాని అక్కా అక్కా అని వెంటపడి, ఆమె డబ్బాలోని అన్నం ముద్దలు తినేసి, పైగా ఉప్పు తక్కువైందని వంకలు పెడుతుంది. ఈ పిల్ల దగ్గర ఇంకెవరి దగ్గరా లేనిదొకటి ఉంది, మూడు చుట్ల ఆక్సెల్. ముందుకి చూస్తూ ఎగిరే జంప్ అదొక్కటే, అందుకే అన్నిటికన్నా కష్టం. కుదిరితే కొండంత మార్కులు. సాధనలో సగంసార్లు నిలబడుతుంది, సగంసార్లు చతికిలబడుతుంది.

మొదటి రోజు చిన్న ప్రోగ్రాం అయ్యేసరికి కొతోహా పైన, వెంట్రుకవాసి కింద నత్సుహో ఉన్నారు. ఆ సాయంత్రం పెద్ద ప్రోగ్రాంలో చివరగా ఆడే ఆరుగురికి వరస చీటీలు తీశారు. కొతోహాకి ఐదు వచ్చింది, నత్సుహోకి ఆరు. నా ప్రాణం ఉసూరుమంది. ఒకరు దిగుతుండగా ఇంకొకరు ఎక్కాలి. దిగినవాళ్ల పక్కన స్కోరు కోసం కూర్చోవాలా, ఎక్కేవాళ్ల చెయ్యి పట్టుకోవాలా? ఎక్కేవాళ్ల దగ్గర ఉండటం మా పనిలో రివాజు. కొతోహా పక్కన హిబినో కూర్చుంటాడని చెబితే ఆమె నొచ్చుకోలేదు. నత్సుహో మాత్రం, హిబినోగారు కెమెరా ముందు కూర్చుంటే అక్కకి పెళ్లిచూపుల్లా ఉంటుందని హోటల్ భోజనాల గదిలో పెద్దగా అంది. కొతోహా చాప్‌స్టిక్‌లతో దాని నెత్తిన ఒకటి వేసింది.

ఇంకో సంగతి చెప్పాలి. మా రింక్‌లో ఒక ఆచారం ఉంది. ముందువాళ్ల స్కోరు ఎక్కబోయేవాళ్లు వినకూడదు. విన్నవాళ్ల కాళ్లు లెక్కలు వేయడం మొదలుపెడతాయి. అందుకని పిల్లని అడ్డగోడ దగ్గర నా వైపు తిప్పి నిలబెట్టి, రెండు చెవులూ నా అరచేతులతో మూసేస్తాను. స్కోరు చదవడం అయిపోయాక చేతులు తీస్తాను. బయటివాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. కొతోహాకి పద్నాలుగేళ్లుగా అలాగే మూశాను.

నత్సుహో ఆక్సెల్ సంగతి కూడా ఆ గోడ దగ్గరే తేలాలని ముందే అనుకున్నాం. మూడు చుట్లు అవసరమైతే మూడు, లేకపోతే రెండు. నిర్ణయం నాది. ఎందుకని అడగకూడదు, నేను చెప్పింది చేయాలి.

కొతోహా ఐసు మీదికి వెళ్లింది. నేను గోడ పట్టుకున్నాను గానీ కాళ్లు ఊరుకోలేదు, అక్కడే అటూ ఇటూ ఊగుతున్నాను. మొదటి జంప్ కుదిరింది. రెండోది కుదిరింది. నాకు తెలిసిన కొతోహా జాగ్రత్త మనిషి. అడుగు వేసేముందు రెండుసార్లు ఆలోచించే రకం, అదే ఆమెని ఎప్పుడూ నాలుగులో నిలబెట్టింది. ఆ రోజు ఆలోచనే లేదు. భుజాలు వదిలేసి, ముఖం పైకెత్తి, ఆ హాలు తన సొంత ఇల్లన్నట్టు తిరుగుతోంది. నా పక్కన నిలబడ్డ నత్సుహో, మొదటిసారిగా, నోరు మూసుకుని చూస్తోంది.

ఇక్కడ కాస్త లెక్క చెప్పక తప్పదు. మూడు చుట్ల జంపుల్లో రెండు రకాలని మాత్రమే రెండోసారి చేయొచ్చు. మూడో రకాన్ని కూడా రెండోసారి చేస్తే దానికి సున్నా, ఎంత అందంగా చేసినా సున్నాయే. నవంబరు దాకా కొతోహా రెండుసార్లు చేసే రెండు రకాల్లో లూప్ అనే జంప్ ఒకటి. రెండోసారి దాన్ని చిట్టచివర పెట్టేవాళ్లం. ఫిన్లాండ్ పోటీలో మార్కులు చాలక వెనకబడ్డాక, లూప్ బదులు ఫ్లిప్ అనే జంప్ రెండుసార్లు చేస్తానని తనే పట్టుబట్టింది. దానికి మార్కులు ఎక్కువ. సరే అన్నాను. అప్పటి నుంచి చివర్లో లూప్ లేదు, రెండు చుట్ల ఆక్సెల్ ఉంది. నాగానోకి బయల్దేరేదాకా ప్రతి పొద్దునా అదే సాధన.

ఫ్లిప్ రెండోసారి కూడా కుదిరింది. హాలంతా లేచింది. చివరి జంప్‌కి వస్తోంది. ఆక్సెల్ అయితే ముందుకి తిరగాలి. ఆమె వెనక్కే వస్తోంది, మోకాళ్లు దగ్గరపడుతున్నాయి. ఒళ్లు తెలియని ఆనందంలో, ఏళ్ల తరబడి నేర్చిన కాళ్లు పాత దారి పట్టాయి. అద్భుతమైన లూప్. అంత ఎత్తు లూప్ ఆమె జీవితంలో చేయలేదు.

జనం చప్పట్లతో పైకప్పు లేచిపోయింది. బొమ్మలు, పూలు ఐసు మీద వచ్చి పడుతున్నాయి. మూడో రకం రెండోసారి చేసిందని ఆ హాలులో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. నాకు తెలుసు. లెక్క దానంతటదే తలలో తిరిగింది. ఆ లూప్ లెక్కకి వచ్చి ఉంటే నత్సుహో మూడు చుట్లు తిరిగినా కొతోహాని దాటడం గగనం. లూప్ సున్నా. నత్సుహో రెండు చుట్లతో శుభ్రంగా ఆడినా చాలు, దాటేస్తుంది. మూడు చుట్లకి వెళ్లి కిందపడిందా, కొతోహాది చోటు.

కొతోహా గేటులోంచి వచ్చి నా మీద వాలిపోయింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"సెన్సే, అయింది. అయిపోయింది కదా, సెన్సే."

చెప్పాలా? ఇప్పుడే, ఈ చెవిలోనే చెప్పేయాలా? నా నోరు ఎవరి దగ్గరా ఆగింది కాదు, ఆ పిల్ల దగ్గర ఆగిపోయింది. వీపు నిమిరాను. బాగా ఆడావు అన్నాను. నవ్వాను కూడా, ఎలా నవ్వానో ఆ దేవుడికే తెలియాలి. కోటు భుజాల మీద కప్పి హిబినోకి అప్పగించాను. హిబినో నా ముఖం చూశాడు, అతనికి కూడా తెలిసిపోయింది. ఆమెని తీసుకెళ్లి కెమెరాల ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు.

నత్సుహో కాళ్లు సాగడానికి రింక్ అంతా ఓసారి తిరిగి నా దగ్గరికి వచ్చింది. నేను చెవులు మూశాను. దాని వీపు వైపు పెద్ద తెర ఉంది, నా ముఖం ఆ తెర వైపే ఉంది. స్కోరు వచ్చింది. హాలంతా ఒక్కసారి ఉసూరుమంది, తరవాత గుసగుసలు. తెర మీద కొతోహా ముఖం. ముందు అర్థం కాలేదు. అంకెల వంక చూసింది, హిబినో వంక చూసింది, పెదాలు కదిపి ఏదో లెక్క వేసుకుంది. లూప్ అనుకుంది. ఆ పెదాలు చూసే నాకు తెలిసింది. అప్పుడు తలవంచి, జనానికి రెండు చేతులూ ఊపి, కోటు జిప్పు మెడదాకా పైకి లాక్కుంది.

నా చేతుల మధ్య నత్సుహో కళ్లు నన్నే చూస్తున్నాయి. చేతులు తీసేశాను.

"మూడా, రెండా?" అంది.

మూడు అందామనిపించింది. అంతకంటే సూటిగా చెప్పలేను. ఒక్క మాట. పడితే పిల్ల పడింది అంటారు, ఆక్సెల్ కదా, ఎవరూ నన్ను వేలెత్తి చూపరు. ఒకవేళ పడకపోతే అసలు గొడవే లేదు. ఇది చిన్నది, దీనికి ఇంకా ఎన్ని మార్చిలున్నాయో. పెద్దదానికి ఈ ఒక్కటే. గొంతుదాకా వచ్చింది. ఎదురుగా ఆ పిల్ల, నేను ఏది చెబితే అది చేయడానికి, చెవులు నా చేతికిచ్చి నిలబడింది.

"రెండు," అన్నాను. "శుభ్రంగా. వెళ్లు."

సరే అని తలూపి వెళ్లిపోయింది. ఎందుకని అడగలేదు.

ఆ నాలుగు నిమిషాలు నేను గోడ ముందు నిలబడలేకపోయాను. నత్సుహో రెండు చుట్ల ఆక్సెల్ వేసింది, నిలబడింది. తరవాతవీ కుదిరాయి. చూస్తున్నాను, చూడలేకపోతున్నాను. కోచ్‌లు నిలబడే ఆ కాస్త జాగాలోనే పంజరంలో పులిలా తిరిగాను. అది దిగి వచ్చింది, నేను పక్కన కూర్చున్నాను, స్కోరు వచ్చింది. మూడో చోటు దానిదే. అది నా మెడ పట్టుకుని ఊపేసింది. తరవాత హఠాత్తుగా ఆగి, మరి అక్క, అంది. అది నా ముఖం చూసి మెల్లగా చేతులు తీసేసింది.

కొతోహా బట్టలు మార్చుకునే గది దాటి, మెట్ల కింద ఎవరూ రాని మూల కూర్చుని ఉంది. బూట్లు కూడా విప్పలేదు. నేను ఎదురుగా నిలబడ్డాను. కూర్చోబుద్ధి కాలేదు, తిరగబుద్ధి కూడా కాలేదు.

"నేను దిగి మీ మీద పడ్డప్పుడే మీకు తెలుసు," అంది.

"తెలుసు."

"మరి నవ్వారు."

"బాగా ఆడావు కాబట్టి నవ్వాను. ఒక జంప్‌కి సున్నా, ఆటకి కాదు."

అది అబద్ధం కాదు. అలాగని ఆమెకి పనికొచ్చే మాట కూడా కాదు, నాకే వినడానికి కంపరంగా ఉంది. బల్ల దాకా నడిచినంతసేపూ తను ప్రపంచ పోటీలకి వెళ్తున్నానని అనుకుందట. అమ్మకి ఏమని ఫోన్ చేయాలో మాటలు కూడా వెతుక్కుందట. ఆ కాసేపు దక్కనిచ్చినందుకు మీకు దణ్ణం పెట్టాలో, మిమ్మల్ని తిట్టాలో తెలియడం లేదు అంది. తిట్టవే అన్నాను. తిట్టలేదు.

కాసేపు బూటు అంచు గోకుతూ కూర్చుంది. తరవాత తలెత్తి నా కళ్లలోకి చూసింది.

"నత్సుహోకి రెండు అని చెప్పింది మీరే కదా."

"నేనే."

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి సెన్సే. మూడు అందామని అనిపించిందా?"

"అనిపించింది," అన్నాను. "గొంతుదాకా వచ్చింది."

అప్పటిదాకా బిగబట్టుకున్నది ఒక్కసారిగా తెగింది. చిన్నపిల్లలా ముక్కు కారుతూ, చేత్తో తుడుచుకుంటూ ఏడ్చింది. నేను కదల్లేదు. ఏడుపు మధ్యలోనే ఏదో చెప్పబోయి ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

"నా కోసం మీకు అలా అనిపించిందంటే చాలు అందామని ఉంది. కానీ చాలడం లేదు, సెన్సే."

అంతకు మించి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.