మూడు నెలల పాత కాయ

నాగూర్ వలి గారు ముప్పై ఒక్కేళ్లుగా ఆ మిరపకాయల కంపెనీకి లెక్కలు రాస్తున్నారు. కంపెనీ అంటే నల్లపాడు దాటాక ఒక కోల్డ్ స్టోరేజీ, దాని పక్కన కాయలు ఏరే షెడ్డు, ఈమధ్యే కట్టిన చిన్న ల్యాబు. తన చేతి మీదుగా ఒక్క రూపాయి కూడా అటూ ఇటూ కాలేదని ఆయన నమ్మకం. ఆ మాట వారానికి ఒకసారైనా ఎవరో ఒకరికి చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు.

ఆ కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. జనవరిలో కొత్తగా చేరినవాళ్లకు కాయ కదిలాకే జీతం. అంటే సరుకు ఓడెక్కి, డబ్బు బ్యాంకులో పడ్డాక, ఏప్రిల్లో మూడు నెలలదీ ఒకేసారి ఇస్తారు. మంచి ఆనవాయితీ ఏమీ కాదు. కానీ ఉద్యోగం దొరికిన సంబరంలో ఎవరూ గట్టిగా అడగరు. అడిగినవాళ్లకు "మీ డబ్బెక్కడికీ పోదు" అని వలి గారే సర్ది చెబుతారు.

ల్యాబు చూసుకునే అఖిల కూడా పోయినేడాది జనవరిలో అలాగే చేరింది. ఈ జూన్‌లో ఆమె, ఏడాది జీతమూ అందులో కోసిన పన్నూ చూపే ఫారం సిక్స్‌టీన్ పట్టుకుని వలి గారి బల్ల దగ్గరికొచ్చింది.

"వలి గారూ, నాకు ముప్పై మూడు వేల ఎనిమిది వందలు పన్ను కోశారు. పన్నెండు నెలల జీతానికైతే అసలు పన్నే పడదంట కదండీ."

"ఏడాదిలో పదిహేను నెలల డబ్బు పుచ్చుకున్నావు కదమ్మా. హద్దు దాటింది, కోత పడింది."

"అందులో మూడు నెలలు అంతకుముందు, మార్చితో ముగిసిన ఏడాదివండి. ఆ ఏడాది నాకు వేరే సంపాదనే లేదు."

"చేతికి రాని డబ్బుకు లెక్కేంటమ్మా? సరుకు అమ్మి డబ్బు జేబులో పడితేనే రాబడి. ఏ రైతునైనా అడుగు, చెబుతాడు."

అఖిలది పర్చూరు వైపు పల్లె. వాళ్ల నాన్న మిరప వేస్తాడు. ఆమె గొంతు పెంచకుండానే అడిగింది.

"మా నాన్న పోయినేటి కాయ కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఈ ఏడు మిర్చి యార్డుకు తెచ్చాడనుకోండి. కొత్త కాయ అంటే మీరు కొంటారా?"

"ఎందుకు కొంటాను? ఎప్పుడమ్మినా పాత కాయ పాత కాయే."

"నా మూడు నెలలూ పాత కాయేనండి."

కాయ విషయంలో వలి గారిని ఇరుకున పెట్టినవాళ్లు ఆ షెడ్డులో ఇంతవరకు లేరు. కనుక్కుంటానని చెప్పి ఆమెను పంపించి, తెలిసిన ఆడిటర్‌కు ఫోన్ చేశారు. పిల్ల పొరబడిందని తేలుతుందన్న ధీమాతోనే చేశారు.

జీతానికి లెక్క చేతికొచ్చిన రోజు కాదు, రావలసిన రోజని ఆడిటర్ చెప్పాడు. ఆ మూడు నెలలనూ వెనకటి ఏడాదిలోనే చూపించి ఉండాల్సిందట. ఇప్పటికైనా మించిపోలేదు. ఏ నెల జీతం ఎప్పుడిచ్చారో కంపెనీ కాగితం మీద రాసిస్తే, ఆ అమ్మాయి రిటర్నుకు ముందు టెన్-ఈ అనే ఫారం పెట్టుకుంటుంది, కోసిందంతా వెనక్కి వస్తుంది.

"ఇది కొత్తగా వచ్చిన రూలా?" అని వలి గారు ఆశగా అడిగారు.

"మీ ఉద్యోగం కంటే పాతదండీ," అన్నాడు ఆడిటర్.

కాగితం రాసివ్వడానికి పది నిమిషాలు పట్టింది. దాంతో అఖిల సంగతి తేలిపోయింది. వలి గారి సంగతే తేలలేదు. జనవరిలో చేరింది ఆమె ఒక్కతే కాదు. ఆయన పాత ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నారు. చాలామందివి చిన్న జీతాలు, పదిహేను నెలలు కలిపినా పన్ను దాకా పోలేదు. అఖిల కాక హద్దు దాటినవాడు ఒక్కడే ఉన్నాడు. మూడేళ్ల కిందట షెడ్డులో సూపర్‌వైజరుగా చేసిన ప్రేమదాసు. అతనికి చేరిన మరుసటి ఏడాది ఫిబ్రవరి, మార్చి జీతాల్లో ఇరవై మూడు వేల నాలుగు వందలు కోత పడింది. ఇది అన్యాయమని అతను ఇదే బల్ల ముందు నిలబడి అన్నాడు. "నీకు లెక్కలు రావురా" అని వలి గారు షెడ్డంతా వినబడేలా అన్నారు. ఆ నెలలోనే అతను పని మానేసి చీరాల వెళ్లిపోయాడు.

వలి గారికి సిగ్గేసింది. అరవై రెండేళ్లొచ్చినా అది ఆయనకు అలవాటు లేని పని. ఈ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఊరుకుంటే పేరు పేరుగానే ఉంటుంది. రెండు రోజులు ఊరుకున్నారు కూడా. మూడో రోజు నంబరు సంపాదించి ఫోన్ చేశారు.

"ప్రేమదాసూ, నేను, నల్లపాడు కంపెనీ వలిని."

"చెప్పండి." వెనక మరమగ్గాల చప్పుడు.

"అప్పుడు నీకు పన్ను కోసింది తప్పు. నువ్వు చెప్పిందే నిజం. లెక్క రానిది నాకే."

వలి గారు మిగతాది గబగబా చెప్పేశారు. పన్ను వెనక్కి అడిగే గడువు దాటిపోయింది, పన్ను ఆఫీసుకు అర్జీ పెట్టి చూడొచ్చు, ఇస్తారన్న నమ్మకం లేదు, కావలసిన కాగితం మాత్రం తాను రాసిస్తారు.

"డబ్బు సంగతి తర్వాత చూద్దాంలెండి. ఒక్క నిమిషం లైన్లో ఉంటారా?" అన్నాడు ప్రేమదాసు. మగ్గాల చప్పుడు సన్నబడింది. ఇంట్లోకి నడిచినట్టున్నాడు. "మా ఆవిడకిస్తున్నానండి. నాకు చెప్పిందే ఆమెకు చెప్పండి. ఆ రెండు నెలలూ జీతం తగ్గితే తాగేశాననుకుంది. మీకు ఫోన్ చేసి అడిగితే, పూర్తిగానే ఇచ్చామన్నారంట. ఇప్పటికీ అదే అంటది."

ఆ ఫోను వలి గారికి గుర్తుంది. పన్ను కూడా జీతంలో భాగమే కాబట్టి లెక్క ప్రకారం పూర్తిగా ఇచ్చినట్టేనని అనుకుని, పూర్తిగానే ఇచ్చామన్న ఒక్క మాట చెప్పి పెట్టేశారు. అంతకంటే ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

"ఎవరండీ?" అంది ఒక ఆడగొంతు.

"నాగూర్ వలినమ్మా. ఆ డబ్బు మీ ఆయన తాగలేదు," అన్నారు వలి గారు. "నేనే కోశాను."