సుద్దగీత లోపల

అత్తగారిని లేపి కూర్చోబెట్టాలి. పక్క దుప్పటి మార్చాలి. మాత్రలు నలిపి నీళ్ళలో కలిపి తాగించాలి. ఆయన చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. మధ్యాహ్నానికి కూడా ఇప్పుడే వండి మూత పెట్టాలి. పాత దుప్పట్లు, సుద్దముక్కలు, ఎర్రదారం ఉండ సంచిలో వేసుకోవాలి. వీటిలో చివరిదొక్కటే ఆమె ఉద్యోగం. మిగతావాటిని ఆ ఇంట్లో ఎవరూ పనులనుకోరు. ఆ చివరిదాన్నీ అనుకోరు, అది వేరే సంగతి. "దుప్పట్ల మీద బొమ్మలు గీయించడానికి కూడా జీతమిస్తారా! అదృష్టవంతురాలివి," అంటాడు భర్త, చొక్కా అందుకుంటూ.

ఆమె విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర పరిశోధకురాలు. పుట్టింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి కావడంతో, ఏ పని అప్పగించినా తలవంచుకుని చేసెయ్యడం అలవాటైపోయింది. ఈ ఒక్క పని మాత్రం తనే కోరి ఎంచుకుంది. వైకల్యంతోనో, తగ్గని జబ్బుతోనో బతుకుతున్న ఆడవాళ్ళను ప్రశ్నలడిగితే డాక్టరుకు చెప్పేదే చెబుతున్నారు. అందుకని నేలమీద దుప్పటి పరుస్తారు. ఒకరు పడుకుంటే మరొకరు ఒంటి చుట్టూ సుద్దతో గీస్తారు. ఆ గీత లోపల తన నొప్పిని ఎర్రదారంతో ఎక్కడ, ఎలా కుట్టాలో ఆ మనిషే తేల్చుకోవాలి. ఏ దుప్పటి నలుగురికీ చూపించాలో మాత్రం అందరూ కలిసి తేల్చాలి. మొదటిరోజు పెట్టుకున్న కట్టుబాట్లు ఈ రెండే.

ఒక రోజు దర్జీ పని చేసే ఆవిడ, చిన్నప్పుడే పోలియోతో కాలు సన్నబడిపోయిన మనిషి, చంకకర్ర గోడకానించి నేలమీద కూలబడింది.

"మేడమ్, అందర్నీ పడుకోబెట్టారు. మీరెప్పుడు పడుకుంటారు?"

"నేను పరిశోధకురాలిని కదండీ."

"అయితే మీ ఒంట్లో ఎముకలు ఉండవా?"

గదంతా గొల్లున నవ్వింది. తప్పదన్నట్టు ఆమె పడుకుంది. పట్టపగలు వెల్లకిలా పడుకోవడం ఎప్పుడో పురుటి మంచం మీద. సుద్ద చెవి పక్కనుంచి భుజం మీదుగా మోచేతి దాకా రావడం తెలిసింది. మోకాలి దాకా వచ్చిందో లేదో తెలియదు, నిద్రపోయింది.

సంచిలో ఆమె ఫోన్ మోగితే దర్జీ ఆవిడే తీసింది. "నిద్రపోతున్నారండీ. ఒంట్లో బాగానే ఉంది, ఊరికే నిద్రపోతున్నారు. లేపాలా? లేపలేనండీ, నా కాలు సరిగా లేదు, వంగలేను." అప్పటిదాకా వంగి సుద్ద గీసిన మనిషి ఆ మాట అన్నందుకు మిగతావాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

మెలకువ వచ్చేసరికి గీత లోపల ఒక్క చుక్క కూడా ఎవరూ పెట్టలేదు. దారం ఎక్కించిన సూది చేతికిచ్చారు. "నాకేం నొప్పుల్లేవు," అంది ఆమె. "మేమూ మొదట అదే అన్నాం," అంది దర్జీ ఆవిడ. నడుం దగ్గర ఒక కుట్టు పడింది. ఆ తర్వాత సూది ఆగలేదు. పక్షవాతం వచ్చిన అత్తగారిని ఎత్తి దింపి, ఎత్తి దింపి మొద్దుబారిన చోటంతా ఎర్రబడింది. మణికట్లు ఎర్రబడ్డాయి. ఆఖరికి చెవి దగ్గరకు వచ్చింది. ఎత్తడం బరువు కాదు. ఆవిడ ఒళ్ళు చేతికి అలవాటే. "కోడలన్నాక చెయ్యదా" అన్న ఆడపడుచు మాట, "నీ చదువు పనికొచ్చింది ఇదిగో, మాత్రల పేర్లు చదవడానికి" అన్న మావగారి మాట, ఇవి ఇన్నేళ్ళూ ఎక్కడ కూర్చున్నాయో సూదికి తెలిసింది.

సాయంత్రం గుమ్మంలోనే భర్త అందుకున్నాడు. "ఎవరో ఆడమనిషి ఫోనెత్తి లేపనంటుందా? అమ్మకి పక్క తడిసి మధ్యాహ్నం నుంచీ అలాగే ఉంది!"

తను నిద్రపోయిన వేళంతా ఆ పెద్దావిడ తడిలో ఉంది. సంచి గుమ్మంలోనే పడేసి దుప్పటి మార్చసాగింది. అప్పుడు తట్టింది: ఆయన ఇవాళ సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు.

దుప్పట్ల ప్రదర్శన దగ్గర పడింది. శాఖాధిపతి గోడకు కట్టినవన్నీ చూసి ఆమెదాని దగ్గర ఆగాడు. "పరిశోధన చేసేవాళ్ళు బయట ఉండాలమ్మా. నీ ఇంటి భాగోతం గోడకెక్కిస్తే నవ్వుతారు. తీసెయ్."

"నా ఒక్కదాని చేతిలో లేదు సార్. అందరూ కలిసి తేల్చాలి."

"సరే, వాళ్ళనే అడుగుదాం."

దర్జీ ఆవిడ తడుముకోలేదు. "తీసెయ్యండి సార్. మావీ తీసేస్తాం. మా నొప్పులు గోడ మీదా, మేడమ్‌ది బీరువాలోనా?" వెనకాల ఇద్దరు అప్పటికే తాళ్ళు విప్పుతున్నారు. ఆయన ముఖం గంటు పెట్టుకుని, "నివేదికలో నేను రాయాల్సింది రాస్తాను," అని వెళ్ళిపోయాడు. రాస్తాడు కూడా. ఆమె వచ్చే ఏటి ఉద్యోగం ఆ రాతలోనే ఉంది.

ఇంట్లో భర్త మరో రకంగా అన్నాడు. "మావాళ్ళంతా వస్తారు. మా అమ్మని చూసుకోవడం నీకు రోగమని ఊరంతా చాటుతావా? తీస్తావా లేదా?"

"తియ్యను. పొద్దున్నే వెళ్ళి, విప్పిన తాళ్ళు నా చేత్తోనే మళ్ళీ కడతాను. అత్తయ్యని ఎలా లేపాలో చూపిస్తాను, రండి."

"నేను మగాణ్ణి. అమ్మకి నేనెలా..."

మంచం మీంచి మాట వచ్చింది, ఒకవైపు పెదవితోనే. "నిన్ను కన్నదాన్ని. నీ దగ్గర సిగ్గేంట్రా? రా."

అతను వెళ్ళి భుజాలు పట్టి లాగాడు. "ఒరేయ్, మనిషిన్రా! బస్తాని కాదు!"

"మోకాలు మంచానికి ఆనించండి. చెయ్యి వీపు కిందకి. ఆవిడ ఊపిరి పీల్చినప్పుడు ఎత్తండి," అంది ఆమె, చేతులు కట్టుకుని. మరీ కష్టమైతే అందుకోవాలని చేతులు లేచాయి. వాటిని గట్టిగా మళ్ళీ కట్టుకుంది. రెండోసారికి అత్తగారు లేచి కూర్చుంది. అతను నడుం పట్టుకుని "అబ్బా" అన్నాడు.

పొద్దున అతను అమ్మను లేపుతుండగానే ఆమె సంచి భుజాన వేసుకుని బయటకు నడిచింది.

మీరు ఆ ప్రదర్శన చూసి ఉండరు. ఫరవాలేదు. ఎవరికో బాగాలేదని పలకరించడానికి ఏదో ఒక ఇంటికి వెళ్ళే ఉంటారు. మంచం పక్కన కుర్చీ మీకిచ్చి, మంచినీళ్ళు తెచ్చి, గోడకానుకుని నిలబడ్డ మనిషి ఒకామె అక్కడ ఉండి ఉంటుంది. ఆమె ముఖం ఒక్కసారి గుర్తు చేసుకోండి.